అల్లుడుగారి మాల్ట్

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీరూ కాత్యాయనీ పెర్త్ నుంచి తిరిగొచ్చేసరికి నేను పెండిల్ హిల్‌లో మా సుబ్బు ఇంట్లో ఉంటాను. అందుకే ఇది ఫ్రిజ్‌కి అంటించి వెళ్తున్నాను.

పెరట్లో మీరు వేసిన బార్లీ పండింది. తెల్ల చిలకలు గుంపుగా వాలుతుంటే చూడలేక నేనే కోసేశాను. ఎందుకండీ ఇది అని అప్పుడడిగితే, "మాల్ట్‌కి అత్తయ్యగారూ, హెల్త్‌కి మంచిది" అన్నారుగా. మన రాగిమాల్ట్‌కి చేసినట్టే నానబెట్టి, మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి, యాలకులతో పొడి కొట్టాను. డబ్బా స్టవ్ పక్కనుంది. పొద్దున్నే పాలల్లో కలుపుకోండి.

అయినా మీరెంత గుంభనమండీ! షెడ్డులో దుప్పటి కింద అన్ని సీసాలు నింపి దాచుకుని, నాతో ఒక్క మాటైనా అనలేదు. చీటీల మీద చూస్తే మాల్ట్ అనే ఉంది. ఆదివారం గుడిలో అన్నదానానికి పనికొస్తాయని, కమిటీలో ఉన్న శ్రీపతిగారిని పిలిచి, మీ పేరు చెప్పి ఇచ్చేశాను.

ఆయన రుచి చూస్తానని ఒక సీసా మూత తీశారు. అది పూర్తిచేసి ఇంకోటి తీశారు. "ఆంటీ, ఇది టెంపుల్‌కి సూట్ కాదు. నేనే ఇంటికి తీస్కెళ్తా, నా మోకాళ్ళకి చాలా మంచిది" అన్నారు. కారు మాత్రం వాళ్ళావిడ వచ్చి నడిపింది.

మీరింకేం దిగులు పడకండి. వచ్చే ఏడు బార్లీ కోతకి కమిటీ మొత్తం సాయమొస్తుందట.

మీ మంచి కోరే
అత్తయ్య