వెనక నుంచి పిలిచిన మాట

జూలై 6, ఆదివారం
యారాడ వెళ్లొచ్చాను. పిన్నికి నా నవల చదివి వినిపించాను, గొప్ప చూపించుకోవాలని... ఇంకెందుకు! సముద్రంలో పోయినవాళ్ల గొంతులన్నీ నీళ్లలోనే ఉంటాయి, ఒక యంత్రం వాటిని బయటికి లాగుతుంది, ఒక భార్య వేటలో పోయిన మొగుడి గొంతు వింటుంది — అదీ కథ. చేపలు బాగు చేస్తూ వింది. అంతా అయ్యాక కత్తిపీట పక్కకి జరిపి అడిగింది.
"అంత మిసను కట్టినావు గదే. ఆడు పెళ్లాంతో ఏటన్నాడు?"
ఏమీ అనలేదు. యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక అధ్యాయమంతా రాశాను, వాడి చేత ఒక్క మాట అనిపించలేదు. పైగా ఎక్కడ కూర్చుని చదివాను? వేటకెళ్లిన బాబాయి తిరిగి రాని ఇంట్లో. నా బుద్ధి గడ్డి తింది.

జూలై 7
మధురవాడ. ఆఫీసులో పని సాగలేదు. "ఆమె ఏడ్చింది" — నా నవలలో ఆ భార్యకి దక్కింది ఈ రెండు ముక్కలే. సిగ్గేస్తోంది.

జూలై 10, గురువారం
పిన్ని ఫోన్. తనంతట తను ఎప్పుడూ చెయ్యదు.
"నీకొకటి సెప్పాలే. ఆ పొద్దు మీ బాబాయి బోటు కాడికి ఎల్తంటే, నాను ఎనకనించి పిలిసీసినాను."
వేటకెళ్లే మనిషిని మావాళ్లెవరూ వెనక నుంచి పిలవరు. ఏదైనా మరిచిపోతే అది ఇంట్లో ఉండిపోవాల్సిందే.
"అన్నం కేరేజీ మరిసిపోనాడని... ఇనిపించిందో నేదో. తిరగనేదు."
"దానివల్ల కాదు పిన్నీ," అన్నాను. ఎంత చప్పటి మాట!
"నాకు తెల్దేటి? అయినా..." పెట్టేసింది.

జూలై 11
ఆ కేరేజీని నవలలో పెట్టేశాను. బ్రహ్మాండంగా కుదిరింది. అదే బాధ.

జూలై 13, ఆదివారం
మళ్లీ యారాడ. దాచలేక, మార్చినదంతా చదివాను. తిడుతుందనుకున్నాను. కొంగుకి చేతులు తుడుచుకుంది.
"ఆ మిసన్లో పెళ్లాం మాట ఆడికి ఇనపడతాదేటి?"
"నేదు పిన్నీ. మనం ఇనడమే."
"నువ్వే గదేటే రాసింది?"
నేనే. కానీ సముద్రం నుంచి మాట వస్తుందే తప్ప లోపలికి పోదు — నవలంతా ఈ ఒక్క నియమం మీద నిలబడింది. ఆ సంగతి ఆమెకి వివరించాను కూడా, సిగ్గు లేకుండా.
"ఓలమ్మా, రూలా!" అని నవ్వి పులుసు వడ్డించింది.

జూలై 16
పబ్లిషర్ గారు: "ఆ నియమమే మీ కథకి ప్రాణమండీ. ముట్టుకోకండి." శనివారానికి పంపాలి. ఆయన అన్నది నిజమే.

జూలై 19, శనివారం
నియమం తీసేశాను. నవలలో భార్య యంత్రంలోకి పిలిచింది. ఆ మాట వాడు వేటకెళ్లిన ఆనాటి ఒడ్డుకి చేరింది. బోటు దగ్గర వాడు ఆగి, వెనక్కి తిరిగాడు.
ఇప్పుడు ఆమె ఏమనాలి? కేరేజీ తీసుకెళ్లమనా... వెళ్లొద్దనా?
తెలియక పిన్నికే ఫోన్ చేశాను. రాసింది చెప్పి, ఆమె ఏమనాలని అడిగాను.
"తిరిగినాడా?"
"తిరిగినాడు పిన్నీ."
"అయితే ఉండనీ. ఏటనాలో నాను ఆలోసించుకోవాలి."
పబ్లిషర్ గారు రెండుసార్లు చేశారు. ఎత్తలేదు. వాడింకా అలాగే నిలబడి ఉన్నాడు, ఇటు చూస్తూ.