అప్పలకొండమ్మ వేసిన కేక

అక్కకు,

సత్తిబాబు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, నా ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కింద రాసింది చదివి నువ్వు కంగారు పడకూడదని ఈ మాట ముందే రాసేస్తున్నాను. నువ్వూ, బావగారూ, చిన్నది హాసినీ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నీ నడుం నొప్పి తగ్గిందా? దాని దగ్గు పోయిందా?

పది రోజుల నుంచి ఫోన్లో సరిగ్గా మాట్లాడటం లేదని నీకు నా మీద కోపం. "ఏరా, ఊఁ ఆఁ తప్ప మాటలు రావా నీకు, వైజాగు వెళ్ళి మూగోడివైపోయావా?" అన్నావు మొన్న. మాటలు రాక కాదక్కా. ఫోన్లో చెబితే సగంలో నువ్వు ఏడుపు మొదలుపెడతావు, నేను ఆపేస్తాను, మిగతా సగం ఇక ఎప్పటికీ చెప్పను. కాగితం మీదైతే నువ్వు ఏడ్చినా నేను రాస్తూనే ఉంటాను. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నాను. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావటం లేదు. సముద్రం పక్కన చల్లగా ఉంటుందిరా అన్నావు వచ్చేటప్పుడు, నీ మాట నమ్మి వచ్చాను. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపు మళ్ళీ చెమట.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను. అసలు సంగతికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి.

నేను ఉండేది దువ్వాడలో, స్టేషనుకి దగ్గర్లో. గదిలో నాతోపాటు పైడిరాజు అని శ్రీకాకుళం వైపువాడు ఉంటాడు, ఆటో నడుపుతాడు. వచ్చిన మొదటిరోజే నన్ను "బావా" అన్నాడు. నీకు చెల్లెలుందా, నాకిచ్చి చేస్తావా అని అడిగాను. ఇక్కడ మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారట. వంట వాడే చేస్తాడు. చేపల పులుసు బాగానే పెడతాడు గానీ నీ పులుసులో ఉండే పులుపు ఉండదు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే ఆవకాయ పంపించు.

పొద్దున్నే ఒక ఆటో, ఒక బస్సు మారి పెందుర్తి వెళ్తాను. అక్కడ కొత్త కాలనీ కడుతున్నారు, మురుగు గొట్టాలు వేయడానికి జేసీబీతో కాలువ తవ్వడం నా పని. సముద్రం చూశావా అని అడుగుతావు ప్రతిసారీ. రెండుసార్లు చూశాను. పనిచేసుకునేవాళ్ళు ఇక్కడ సముద్రం చూడరక్కా, చుట్టాలొస్తే చూపిస్తారు. ఈ ఊళ్ళో ఎవరిని పలకరించినా రెండో మాట "మీదే ఊరు?" అనే. ఉక్కు ఫ్యాక్టరీలోనూ పోర్టులోనూ పనికి మన గోదావరి నుంచి, కృష్ణా నుంచి వచ్చినవాళ్ళు బోలెడుమంది. చుట్టుపక్కల పల్లెల్లో పొలం పని మానేసి వచ్చినవాళ్ళు అంతకంటే ఎక్కువ. అందరిదీ తెలుగే. ఒకరి తెలుగు విని ఇంకొకరం నవ్వుకుంటాం.

నేను అందరినీ "అండీ, గారూ" అంటానని మా సైటులో ఆడవాళ్ళకి పెద్ద వేడుక. "గోదారోడు బండికి కూడా గారెడతాడు" అంటారు. పనిలో చేరిన రోజు మేస్త్రి "బేగి రా!" అని అరిచాడు. బ్యాగు తెమ్మంటున్నాడనుకుని సంచి పట్టుకుని పరిగెత్తాను. బేగి అంటే త్వరగా అనట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఏటి అంటే ఏమిటి, నాను అంటే నేను, ఒగ్గీ అంటే వదిలెయ్ అని ఒక్కొక్కటే నేర్చుకున్నాను. రెండున్నర నెలల్లో వీళ్ళ భాష వచ్చేసిందనుకున్నాను. నా మొహం వచ్చింది.

ఇక అసలు సంగతి.

మా బండి వెనక్కి వెళ్ళేటప్పుడు కూత పెట్టే హారను పాడైంది. బాగు చేయించమని కాంట్రాక్టరుగారికి నేనే చెప్పాను, చూద్దాంలే అన్నారు. అంతవరకూ బండి వెనక ఒక మనిషి నిలబడి, ఎవరైనా అడ్డం వస్తే కేక వెయ్యాలన్నారు. ఆ పని అప్పలకొండమ్మకి అప్పగించారు. విజయనగరం దగ్గర పల్లె ఆమెది, మన అమ్మ ఉంటే ఆ వయసు ఉండేది. మట్టి తట్ట మోస్తుంది, గొంతు ఖంగుమంటుంది. నన్ను "బాబూ" అంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బండి వెనక్కి తీస్తున్నాను. బండి చేయి అడ్డం కాబట్టి వెనక ఎడమ చక్రం దగ్గర నేల నాకు కనబడదు. అప్పుడు ఆమె కేక వినబడింది. "ఎనక గుంటుంది! బాబూ, గుంటుంది!"

గుంట అంటే ఏమిటక్కా మనకి? గొయ్యి. కుడివైపు గొయ్యి ఉందని నాకు తెలుసు, పొద్దున్న నేనే తవ్వాను. నేను తవ్విన గొయ్యి నాకు చూపిస్తుందేమిటి ఈవిడ అని చిరాకేసింది కూడా. స్టీరింగు తిప్పి, గొయ్యికి దూరంగా, ఎడమవైపు వెనక్కి పోనిచ్చాను. ఆమె మళ్ళీ అరిచింది. తెలుసులేమ్మా అని నాలో నేను అనుకున్నాను. అంతలో వెనక అద్దం భళ్ళున పగిలింది. ఆమె తన ఇనప తట్ట తీసి అద్దం మీదికి విసిరింది. నేను బ్రేకు తొక్కాను.

దిగి చూస్తే, సైటులో పనిచేసే రమణమ్మ కూతురు, నాలుగేళ్ళ పిల్ల, ఇసకలో కూర్చుని ఏడుస్తోంది. దాని చెప్పు ఒకటి చక్రం కింద ఉంది. పిల్లని అవతలికి తోసిన అప్పలకొండమ్మ సిమెంటు గొట్టాల మీద పడి ఉంది. చక్రం ఆమెకి తగిలింది. కుడికాలు మోకాలి కింద విరిగింది.

ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల అక్కా.

మనూళ్ళోనూ "గుంట వెధవా" అని తిట్టుకుంటాం కదా, కనీసం అదైనా గుర్తు రావాలి కదా. రాలేదు. ఆ రోజు నుంచి అన్నం సయించటం లేదు. హాసిని వయసే ఆ పిల్లది. నువ్వు ఫోన్ దాని చేతికిచ్చి "మావయ్యతో మాట్లాడు" అన్నప్పుడల్లా నేను పెట్టేసింది ఇందుకే. సిగ్నలు లేదన్నది అబద్ధం.

పైడిరాజుకి చెబితే ముందు నమ్మలేదు. "ఎవుడైనా గుంటంటే గొయ్యనుకుంటాడేటి బావా?" అన్నాడు. నా మొహం చూసి నమ్మాక, "సరే, గొయ్యే అనుకున్నావు. గొయ్యున్నా బండాపాలి కదా" అన్నాడు. వాడి మీద ఒళ్ళు మండిపోయింది. వాడన్నది నిజం కాబట్టి మండింది. నా గొయ్యి నాకు తెలియదా అన్న పొగరుతో నేను ఆగలేదు. దిగి చూడ్డానికి ఎంతసేపు?

ఇప్పుడు నిన్ను కష్టపెట్టే మాట. కాంట్రాక్టరుగారు బావగారి చిన్ననాటి స్నేహితులు, బావగారి మాట మీదే నాకు ఈ పని ఇచ్చారు. ఆయన నన్ను పిలిచి ఒక కాగితం చూపించారు. బండి వెనక ఉండాల్సిన మనిషి సరిగ్గా చూసుకోలేదు, కేక వెయ్యలేదు, నాకు ఏ కేకా వినబడలేదు అని ఉంది అందులో. "సంతకం పెట్టు సత్తిబాబూ. హారను సంగతి రాదు, నీ మీదికీ రాదు. మనం మనం ఒకవైపు వాళ్ళం. ఆవిడకి నేను ఏదో చూస్తాలే" అన్నారు. సోమవారం ఇంజనీరుగారు వచ్చి అందరినీ అడుగుతారట. తప్పు అప్పలకొండమ్మదే అని తేలితే ఆమె పేరు పనిలోంచి కొట్టేస్తారు. వైద్యం కూడా ఆమె ఖర్మ. ఆ రోజు ఆ సమయంలో మిగతావాళ్ళు దూరంగా అన్నాలు తిన్న గిన్నెలు కడుక్కుంటున్నారు, బండి చప్పుడులో ఎవరికీ ఏమీ వినబడలేదు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. కాలికి కట్టు, మొహం వాడిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"బాబూ, నిజం సెప్పు. నాను కేకేసినానా, నేదా? అందరూ నువ్వు నోరిప్పనేదు అంతన్నారు. మేస్త్రీ అంతన్నాడు. వినీ వినీ నాకే అనుమానం ఒచ్చీసినాది. తట్టిసిరినట్టు గేపకం. కేకేసినానో నేదో తెలవటం నేదు."

ప్రాణం అడ్డం పెట్టిన మనిషి, తాను చేసిన పని చేశానో లేదో నన్ను అడుగుతోంది. "వేశారండి" అని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అంటే పని పోతుంది, బావగారి మాట పోతుంది. "మందులు వేసుకున్నారా?" అని అడిగాను. అడిగి వచ్చేశాను. బస్సులో నా మొహం అద్దంలో చూసుకోవాలంటే అసహ్యం వేసింది.

రేపు పది గంటలకి పిలిచారు. ఏం చేస్తానో నాకే తెలియటం లేదు. ఈ ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

మంగళవారం.

అక్కా, చెప్పేశాను.

ఆఫీసు గదిలో ఇంజనీరుగారు, కాంట్రాక్టరుగారు, మేస్త్రి, ఇంకో ఇద్దరు ఉన్నారు. కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. చదివాను. "కేక వినబడలేదు" అన్న చోటికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టేశాను.

"వినబడిందండి" అన్నాను.

"ఏమిటి?" అన్నారు ఇంజనీరుగారు.

"ఆవిడ కేక వేశారండి. నేను విన్నానండి."

"విని కూడా బండి ఆపలేదా?"

"గుంట అంటే గొయ్యి అనుకున్నానండి."

ఆ ఇంకో ఇద్దరూ ఫక్కున నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. నాకు చెవులు కాలిపోయాయి, అయినా మిగతాది కూడా చెప్పాను. హారను పాడైందని, అది నేను ముందే చెప్పానని, గొయ్యి అనుకున్నా నేను బండి ఆపి దిగి చూడాల్సిందని. ఇంజనీరుగారు అంతా రాసుకుని, కింద నాచేత సంతకం పెట్టించారు. అప్పలకొండమ్మ పేరు కొట్టెయ్యొద్దని, వైద్యం కాంట్రాక్టరే చూసుకోవాలని మా ముందే చెప్పారు. కాంట్రాక్టరుగారు నా వైపు చెయ్యి చాపారు, బండి తాళం ఇచ్చేశాను. "మీ బావ మొహం చూసి పెట్టుకున్నానురా నిన్ను" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఆయన ఫోన్ చేసేలోపు ఈ ఉత్తరం అందితే బాగుండును. బావగారిని కోప్పడవద్దని నేను అడగను, నేను చేసింది ఆయనకి నువ్వే చదివి వినిపించు.

అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. "మీరు కేక వేశారండి. కాగితం మీద రాయించాను" అన్నాను. గొయ్యి సంగతి కూడా చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత అడిగింది.

"ఎన్నిసార్లు ఏసినానని సెప్పినావు?"

"రెండుసార్లండి."

"మూడు" అంది. గొంతు మళ్ళీ ఖంగుమంది. "ఇప్పుడు గేపకం ఒచ్చినాది. మూడుసార్లేసినాను బాబూ. ఒకటి నువ్వు ఇననేదు."

ఆమె పక్కనున్న అరటిపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. మంచం అంచున కూర్చుని తిన్నాను.

ఇంటికి వచ్చెయ్యమంటావని తెలుసు. ఇప్పుడే రాను. ఆమె కట్టు విప్పేదాకా రోజూ వెళ్ళి రావాలి, ఆమెకి కొడుకులు లేరు. పైడిరాజు ఇంకో చోట పని కనుక్కుంటానన్నాడు. నా తిండికి ఇబ్బంది లేదు, నిజంగా లేదు.

నీ పాదాలకీ బావగారి పాదాలకీ నమస్కారాలు, కోపం తగ్గాక ఇద్దరూ నన్ను దీవించండి. పెద్దమ్మనీ, సూరిబాబు మావయ్యనీ అడిగానని చెప్పు. ఒక్క పని మాత్రం ఈ రోజే చెయ్యి. మన ట్రాక్టరు వెనక్కి తీసేముందు బావగారిని ప్రతిసారీ దిగి చూడమను. ఎవరూ లేరని తెలిసినా దిగమను. మన గుంట ఆ చుట్టుపక్కలే ఆడుకుంటూ ఉంటుంది.

నీ తమ్ముడు,
సత్తిబాబు