ఆదివారం బిగింపు, సోమవారం సడలింపు

లేతు మిషను ముందు నలభై ఒక్క ఏళ్ళు నిలబడి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న అరవై ఒక్కేళ్ళ నేను, ఒంట్లో ఓపికా బుర్రలో తెలివీ సరిపడా ఉండగానే, ఎవరూ పక్కన నిలబడి రాయించకుండా, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. బుర్ర సరిగ్గానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. "ఇచ్చే ముందు నన్నొక మాట అడగాల్సింది" అని నా భార్య అంది. ఆ అభ్యంతరాన్ని కూడా ఇందులో నమోదు చేస్తున్నాను.

నిరుడు రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులోని నాలుగో అంశంలో నా బావమరిదికి "నా ఆస్తిలో ఒక్క మరమేకు కూడా చెందదు" అని రాశాను. రాసింది నేనే, ఒళ్ళు తెలియని కోపంలో. అది ఎందుకు రద్దయిందో మూడో అంశంలో వస్తుంది. తొందరపడి ముందే అక్కడికి దూకవద్దని, ఈ వీలునామాకు అమలుకర్త అయిన నా కూతురికి మనవి.

1. ఇల్లు. మూడు గదులూ వంటిల్లూ నా భార్యకు సర్వహక్కులతో, ఆమె తదనంతరం మా అమ్మాయికి చెందుతాయి. షెడ్డు మాత్రం కారు ఉన్నంతకాలం కారుదే. అందులో పాత పరుపులు పెట్టరాదు. ఈ విషయంలో నా మాట బతికుండగా చెల్లలేదు, పోయాకైనా చెల్లుతుందేమో చూడాలి.

2. టార్క్ రెంచి, అంటే బోల్టు ఎంత బిగిసిందో అంకెల్లో చెప్పే పనిముట్టు. దీన్ని మా అన్నయ్యకు రాసిస్తున్నాను. ఎనిమిదేళ్ళ కిందట మంచం కోళ్ళు బిగించుకుంటానని తీసుకెళ్ళాడు, కాబట్టి స్వాధీనం ఎలాగూ అతనిదే. మంచం ఇంకా కిర్రుమంటూనే ఉందని వదిన చెప్పింది.

3. ఎర్ర కారు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఎక్కేటప్పుడు మోకాళ్ళు, దిగేటప్పుడు దేవుడు గుర్తొస్తారు. దీని సూపర్‌చార్జరు కంపెనీ పెట్టింది కాదు, నేనూ బావమరిదీ కలిసి బిగించింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మామూలు ఇంజను తనంతట తాను గాలి పీల్చుకుంటుంది. సూపర్‌చార్జరు దాని నోట్లోకి బలవంతంగా గాలి ఊదుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలూ పెంచితే బండికి పూనకం వస్తుంది. ఆ ఊదే యంత్రాన్ని తిప్పేది ఇంజను ముందున్న ఒక బెల్టు. నా సంసారమంతా ఆ బెల్టు మీదే నడిచింది.

బావమరిది గడియారాలు బాగుచేస్తాడు. వెంట్రుకనైనా కొలిచి గానీ నమ్మడు. నాకు బొటనవేలు చాలు. సూపర్‌చార్జరు పెట్టెతో వచ్చిన పుస్తకం మా ఇద్దరికీ రాని భాషలో ఉంది. బొమ్మలు చూసుకుంటూ పదకొండు ఆదివారాలు పనిచేశాం. అంతా అయ్యాక బానెట్టు మూయబోతే పడలేదు, యంత్రం నాలుగు వేళ్ళ ఎత్తు పైకి ఉంది. బానెట్టుకు కంత కోయమని పుస్తకంలో బొమ్మ ఉంది గానీ, మా గ్రీజు చేతుల పుణ్యాన ఆ పేజీ పక్క పేజీకి అతుక్కుపోయింది. పాత క్యాలెండరు అట్ట మీద గీసుకుని, కంత అతనే కోశాడు. ఇప్పటికీ ఆ అంచు వెంట వేలు పెట్టి చూడండి, ఎక్కడా గీరుకోదు.

మొదటి వారంలోనే ఎత్తు రోడ్డు మీద బెల్టు జారింది. బండి చతికిలబడింది. కూరగాయల వ్యాను ఒకటి హారను కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. పక్కసీట్లో నా భార్య కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇక జన్మలో ఈ బెల్టు జారకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, బోల్టును పావు చుట్టు బిగించేవాణ్ణి.

"బావా, నీ వేలి మీద అంకెలేమైనా ఉన్నాయా? అలా బిగిస్తే యంత్రం ముందువైపు బేరింగు కాలిపోతుంది" అనేవాడు. "నీ గడియారాలు నువ్వు చూసుకోరా" అనేవాణ్ణి. కొన్నాళ్ళకు అనడం మానేశాడు. గెలిచాననుకున్నాను.

పంతొమ్మిదేళ్ళు బండి ఈల వేసుకుంటూ తిరిగింది. సూపర్‌చార్జరుకు ఆయిలు వేరే ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకుని, వేళకు మార్చాను. గాలి ఫిల్టరు దుమ్ము పట్టనివ్వలేదు. బెల్టు సంగతి మాత్రం అంతా నా వేలి చలవేనని వీధి వీధంతా చెప్పుకున్నాను.

రిటైరయ్యాక వచ్చిన మొదటి సోమవారం పింఛను కాగితాల కోసం తిరగడంతో సరిపోయింది. మంగళవారం తోచక బానెట్టు ఎత్తాను. ఆదివారం నేను బిగించిన బెల్టు వదులుగా ఉంది. ఎవరో షెడ్డులో దూరి బండితో ఆడుకుంటున్నారనుకుని, ఎవరికీ చెప్పకుండా తాళం మార్చాను. ఆ తర్వాత బావమరిది మా గడప తొక్కలేదు. ఉద్యోగం లేనివాణ్ణి కదా, నేనంటే లెక్కలేదనుకున్నాను. నేనూ వెళ్ళలేదు. నా భార్య అటూ ఇటూ అడిగి, "ఇద్దరిదీ ఒకటే రోగం, అవతలివాణ్ణే అడగమంటారు" అని విసుక్కుని వదిలేసింది. నిరుటి వీలునామా ఆ రోజుల్లో రాసిందే.

ఆదివారం బిగింపు మాత్రం మానలేదు. పద్నాలుగు నెలలకు బండి గొంతు మారింది. కనిపెట్టింది నేను కాదు, పై వాటాలో ఉండే సంగీతం టీచరు. "ఈల వేయడం లేదండీ మీ బండి, ఏడుస్తోంది" అంది. వారం తిరక్కుండానే గరగర, మాడు వాసన. విప్పి చూస్తే ముందు బేరింగు కాలి నీలమై ఉంది. వంటింట్లోకి వెళ్ళి, "ఎవడో బెల్టు వదులు చేస్తుంటే తాళం మార్చి ఆపాను, అయినా ఇలా అయింది" అన్నాను. నా భార్య గరిటె కింద పెట్టింది.

"ఎవడో ఏమిటండీ, మా తమ్ముడు! మీరు ఆదివారం బిగిస్తారు, సోమవారం కొట్టుకు సెలవు కదా, వాడొచ్చి సడలిస్తాడు. మీ మనసు కష్టపడుతుందని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తాళం మార్చారా? నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

పావు చుట్టు నేను, పావు చుట్టు అతను, పంతొమ్మిదేళ్ళు. ఆ పదకొండు ఆదివారాలనాడు నేనే ఇచ్చి మరిచిపోయిన తాళంచెవి ఒక సోమవారం తిరగలేదు. సంగతి తెలిసి నేనిచ్చిన జవాబు అదేననుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

కాలిన బేరింగును జేబులో వేసుకుని గడియారాల కొట్టుకు వెళ్ళాను. క్షమాపణ దారిలో తయారు చేసుకున్నాను గానీ, మెట్లెక్కేసరికి అంతా మరిచిపోయాను. బేరింగును బల్ల మీద పెట్టాను. కంటికి అద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బిగించావు బావా?" అన్నాడు. నేను బొటనవేలు చూపించాను. అద్దం కింద పడేంతగా నవ్వాడు. మర్నాడే బిగువు కొలిచే గేజీ పట్టుకుని వచ్చి, లోపల గాలిని తోసే రోటర్ల మీద గీత కూడా పడలేదని, ఇంజను క్షేమమని తేల్చాడు. పోయింది ఒక్క బేరింగు. అంత మూర్ఖత్వానికి అంత తక్కువలో బయటపడ్డాను. ఆ రోజునుంచి నాకు హాయిగా నిద్ర పడుతోంది.

4. కావున సదరు కారు నా కూతురికీ బావమరిదికీ ఉమ్మడిగా, సమాన హక్కులతో చెందుతుంది. మా అమ్మాయి పళ్ళ డాక్టరు. చేయి అచ్చం నాదే, ఏది పట్టుకున్నా బిగించేస్తుంది. ఆమె దగ్గర పళ్ళు కట్టించుకున్నవాళ్ళను అడగండి. అందుచేత షరతు: ఒకరు బిగించిన బెల్టును రెండోవారు గేజీతో, ఎదురుగా నిలబడి చూడనిదే బండి బయటికి తీయరాదు. దొంగచాటు మంచితనం ఇక వద్దు. బొటనవేలి వాడకం నిషేధం.

5. కారు ఎవరిదైనా పక్కసీటు నా భార్యది, ఆమె జీవితాంతం. ఎత్తు రోడ్డు మీదికి తీసుకెళ్ళండి. ఏదైనా వ్యాను దాటిపోతే నవ్వే హక్కు ఆమెకు ఉంది.

6. సంగీతం టీచరుకు ఏదైనా ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకు ఆస్తి రాయకూడదట. కనుక ఆదివారం మధ్యాహ్నాలు ఇంజను పెద్దగా మోగించవద్దని వారసులకు ఆదేశం మాత్రం ఇస్తున్నాను.

7. షెడ్డు తాళం. నిన్న కొత్త తాళం తీసేసి, డబ్బాలో పడి ఉన్న పాతదానికి నూనె వేసి మళ్ళీ పెట్టాను. బావమరిదికి తాళంచెవి రాసివ్వాల్సిన పని లేదు. ఈ పద్నాలుగు నెలలూ తన గుత్తిలోంచి దాన్ని తీయనే లేదట. ఇప్పుడు కూడా, నేనీ అంశం రాస్తుండగా, షెడ్డు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ రోజు సోమవారం. నేను లేచి వెళ్ళడం లేదు.

తేదీ: 2025 నవంబరు 10, సోమవారం, పొద్దున పది గంటలకు.

సంతకం: లేతు పెద్దాయన
పక్కనే బొటనవేలి ముద్ర. ఈ వేలికి ఇక మిగిలిన పని ఇదొక్కటే.

సాక్షులు, నా ఎదుట సంతకం చేసినవారు:
1. పై వాటా సంగీతం టీచరు
2. వీధి చివరి మందుల షాపాయన