పొడుగాయన మోసిన బరువు

అత్తయ్యా,

మీరు నిద్రలో ఉన్నారని లేపకుండా బడికి వెళ్తున్నాను. మధ్యాహ్నం పొడుగాయన వస్తారు, మీ అబ్బాయితో సైన్యంలో పనిచేసిన స్నేహితుడు. భోజనం పెట్టండి. మీ అబ్బాయి కుర్చీలో మాత్రం కూర్చోబెట్టకండి.

సాయంత్రం ఆయన్ని లాయరు దగ్గరికి తీసుకెళ్తాను. మీ అబ్బాయిని తీసుకుపోయిన గుండెజబ్బు సర్వీసులో ఉండగా వచ్చినట్టు రుజువు లేదని మన పింఛను అర్జీ కొట్టేశారు కదా. అప్పీలుకు ఆయనొక్కరే సాక్షి. కొండ ఎక్కేటప్పుడు మీ అబ్బాయికి గుండెల్లో పట్టేసేదట. డాక్టరుకు తెలిస్తే ఉద్యోగం పోతుందని, పొడుగాయన మీ అబ్బాయి సంచి కూడా తన భుజానే వేసుకుని నడిచేవారట. అందుకే ఎక్కడా నమోదు కాలేదు.

నిన్న ఫోనులో నవ్వుతూ చెప్పారు. "చెల్లెమ్మా, మీ ఆయన ఏమనేవాడో తెలుసా? 'మా ఇంట్లో చెప్పావో, రేపట్నుంచి నన్ను కూడా మొయ్యాలొరేయ్' అనేవాడు."

నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కాపురం చేసింది నేను, నొప్పి చెప్పుకున్నది ఈ పొడుగాయనతోనా? మీ అబ్బాయి మన ఇంటి మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతుంటే, నాకోసం ఆగుతున్నారని మురిసిపోయేదాన్ని.

ఆయన సాక్ష్యం లేకపోతే గెలవలేం. కాబట్టి మంచిగానే ఉంటాను. మీరూ ఉండండి.

అన్నట్టు, నేను వచ్చేదాకా మీ అబ్బాయి సంగతులేవీ ఆయన్ని అడక్కండి. ఇవైనా ముందు నేను వినాలి.