డ్రాఫ్టరు కోసం పెట్టిన చదివింపులు

విద్యార్థి సహాయ విభాగం అధికారి గారి సముఖమునకు,
గుత్తి మండలం, ఎర్రబండపల్లి గ్రామ కాపురస్తుడు, వేరుశనగ రైతు హనుమంతరాయుడు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఇంట జరిగిన భోజనములను ఐశ్వర్యముగా భావించి నా కుమార్తె లావణ్య ఉపకార వేతనం నిలిపివేసినందున, విచారణలో వ్రాసిన వ్యాఖ్యను తొలగించుట గురించి.

అయ్యా,

1. నా ఏకైక కుమార్తె లావణ్య అనంతపురంలోని ఒక కాలేజీలో సివిల్ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుచున్నది. చేరిన దినముననే డ్రాయింగు బోర్డు, డ్రాఫ్టరు, ఖాకీ ఏప్రాన్, తోలు బూట్లు తెచ్చుకొనవలెనని వారు చెప్పినారు. డ్రాఫ్టరు అనగా బోర్డుకు బిగించి గీతలు తిన్నగా గీయు పరికరమని నాకు అప్పుడే తెలిసినది. అది లేనివారిని డ్రాయింగు హాలులోనికి రానివ్వరు. ఇటువంటి వస్తువుల కొరకే తమరు ఉపకార వేతనం ఇచ్చుచున్నారని విని మిక్కిలి సంతోషించితిని. అది సంవత్సరం చివర వచ్చునని మీ ఆఫీసులో చెప్పగా ఆ సంతోషం కొంత తగ్గినది. మా వైపు వానకు ముందే విత్తనం సిద్ధం చేసుకొందుము. కోత అయిన పిదప విత్తనం పంచు పద్ధతి మెట్ట రైతును గనుక నాకు బోధపడలేదు.

2. ఈ ఏడు వేరుశనగ ఊడలు నేలలోనికి దిగి కాయ పట్టు సమయమున వాన ముఖం చాటేసినది. ఏమి చేయుదునా అని కూర్చొని ఉండగా నా భార్య రత్నమ్మ ఈ విధంగా సలహా ఇచ్చినది: "ఇన్నేండ్లు ఎవురు పిలిచినా పోయి చదివించినాం. మనకుండేది ఒక బిడ్డే. దాని పెండ్లి దాకా యాడ ఆగేది? కాలేజీకి పోతాండాదని ఇప్పుడే అందర్నీ పిలుద్దాం. మనం పెట్టినేవి మనకు తిరిగొస్తాయి కదా."

తమరు ఏ ప్రాంతం వారో తెలియదు గనుక మనవి చేయుచున్నాను. చదివింపులనగా శుభకార్యమునకు వచ్చినవారు ఇచ్చు కానుకలు. ఎవరేమి ఇచ్చినారో మైకులో చదివెదరు. మనం వారికి ఏది పెట్టితిమో వారు మనకు అదే పెట్టవలెను. తగ్గించినచో మాట పడవలసి వచ్చును.

3. ఆ ప్రకారం ఒక ఆదివారం చిత్రాన్నం, పాయసం చేయించి బంధువులను పిలిచితిమి. షామియానా, మైకు నా బావమరిది పాపన్నవి. బాడుగ తీసుకోలేదు. అందరూ వచ్చినారు, ఒక్కరూ మర్యాద తప్పలేదు. ఇన్నేండ్లూ మేము పెండ్లిండ్లకు స్టీలు సామాన్లే పెట్టియున్నాము గనుక అందరూ స్టీలు సామాన్లే తెచ్చినారు. "బయమ్మ గారు, స్టీలు బిందె. యేసన్న గారు, స్టీలు బిందె" అని పాపన్న గట్టిగా చదువుచుండగా నా కుమార్తె నా చెవి దగ్గరకు వచ్చి, "నాయనా, బిందెతో గీతలు ఎట్ల గీసేది?" అని నవ్వినది. ఏడ్చినా ఇంత బాధ కలిగియుండదు.

వాటిని అమ్మకూడదా అని తమరు అడుగవచ్చును. అన్నిటి మీద ఇచ్చినవారి పేర్లు చెక్కి ఉన్నవి. అంగడివారు పాత సామానుగా తూకానికే తీసుకొందుమన్నారు. బయమ్మ పేరున్న బిందె పాత సామాన్ల అంగడిలో కనబడిన మరుదినం నుండి మాకు ఊరిలో నిప్పు కూడా పుట్టదు.

4. సరిగా ఆ భోజనాల వేళకే తమ శాఖ నుండి సందీప్ బాబు మా వేతనం దరఖాస్తు మీద విచారణకు వచ్చినారు. ఎండన పడి వచ్చినారని తినమంటిమి. చిత్రాన్నం మారు కూడా వేయించుకొన్నారు, మాకు సంతోషమే. ఊరకే తిని పోవుట బాగుండదని కవరులో వంద రూపాయలు పెట్టి ఇచ్చినారు. పాపన్న ఊరుకొనక, "సందీప్ సారు, సహాయ విభాగం, వంద రూపాయలు" అని అదియును చదివినాడు. జనం చప్పట్లు కొట్టినారు. ఆ దినమున నగదుగా వచ్చినది అది ఒక్కటే. ఆ విధంగా తమ శాఖ సహాయం సకాలమున అందినదని ఒప్పుకొనక తప్పదు.

అయితే వారు వెళ్లి, "ఇంట భారీ విందు, విలువైన సామగ్రి కలదు, ఆర్థిక స్థితి బాగున్నది" అని వ్రాసినారు. వేతనం నిలిచిపోయినది. ఆ బాబు మీద నాకు కోపం లేదు. కంటికి కనిపించినది వ్రాసినారు. విందు ఎందుకు పెట్టినారని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండెడిది.

5. డ్రాఫ్టరు లేనందున నా బిడ్డ హాలు బయట నిలుచుచున్నది. బయట నిలిచినవారికి హాజరు వేయరు. హాజరు తగ్గినవారికి వేతనం ఇవ్వరాదని తమ నిబంధన. వేతనం రానిదే డ్రాఫ్టరు రాదు. గానుగకు కట్టిన ఎద్దునైనా సాయంత్రం విప్పుదురు గదా అయ్యా.

కావున దయతో సదరు వ్యాఖ్యను కొట్టివేసి వేతనం ఇప్పించగలరు. అది ఆలస్యమగునట్లయితే ముందు డ్రాఫ్టరు ఒక్కటి ఇప్పించినను చాలును. మరల విచారణ చేయదలచినచో తమరే రావలెనని కోరుచున్నాను. ముందుగా కబురు చేసినచో ఆ దినమున ఏమియు వండకుండా ఉండెదము.

మెట్ట రైతు మాటలు మోటుగా ఉన్నను మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హనుమంతరాయుడు

మరొక మాట: ఇది మడిచి కవర్లో పెడుతుంటే లావణ్య బస్సు దిగి వచ్చింది సార్. పెట్టె కూడా తెచ్చుకుంది. "ఇంగ పోను నాయనా, నీతో పాటు చేనికొస్తా" అనింది. నా బిడ్డ ఊరికే అలిగే పిల్ల కాదు. ఈ అర్జీ మీకు అందుతుంది, సోమవారం దాకా ఆగమన్నాను. "ఆగితే మన మాట వినేటోళ్లు ఎవురుండారు?" అని అడిగింది. "ఆఫీసులో సారుండాడు, శానా మంచోడు, నాకు బాగా తెలుసు" అని చెప్పినాను. తమరెవరో నాకు తెలియదు. పాప నమ్మింది. పెట్టె విప్పకుండా వాకిట్లోనే పెట్టింది. నా మాట అబద్ధం చేయొద్దు సార్.