కడగని రైఫిల్

పౌడర్ నది, మోంటానా
జూన్ చివరి ఆదివారం

చిరంజీవి వెండెల్‌ను గుండెకు హత్తుకుని అమ్మ రాయునది,

అక్కడ సముద్రం మీద నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము క్షేమమని రాయబోతే చెయ్యి ఆగింది. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ నాన్నా, తక్కినది తర్వాత.

నాన్నకు దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గలేదు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందన్నాడు డాక్టరు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అంతమాత్రాన మీ నాన్న రైఫిల్ పోటీ మానుకునే మనిషా? మందుగుండు దగ్గర ఆక్సిజన్ ఉండకూడదు కదా, సిలిండర్‌ను షెడ్డు బయట వదిలి లోపలికొచ్చి, పెదవులు నీలమయ్యేదాకా కూర్చునేవాడు. చూడలేక తూటాలు నింపే పని నేనే తీసుకున్నాను. ఆయన గుమ్మం అవతల, దూరంగా కుర్చీ వేసుకుని పెత్తనం చేశాడు.

"నెల్డా, అది చిక్కుడు గింజల్లో వేసే ఉప్పు కాదే! సన్నధారగా పొయ్యి. పొడుగు గొట్టంలోంచి తూటాలోకి దిగుతూ మందు దానంతటదే సర్దుకోవాలి."

"ఇన్నేళ్ళు వండి పెట్టినదాన్ని, నాకు పొయ్యడం నేర్పుతున్నావా?"

"ఆ వంట తినేగా ఇలా అయ్యాను!"

నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, ఎంతకీ ఆగలేదు.

పోటీ ఎలా జరిగిందన్నావు. పాతకాలపు నల్ల తుపాకీమందు సంగతి నీకు చెప్పాలా? ఒక్క దెబ్బకే తుపాకీ గొట్టం నిండా మసి. గుండుకూ గుండుకూ మధ్య వెనకనుంచి ఊదుగొట్టంతో ఊది, ఊపిరి తడితో ఆ మసిని మెత్తబరచకపోతే తర్వాతి గుండు దారి తప్పుతుంది. ఊదడానికి ఆయన దగ్గర ఊపిరేది? తడిగుడ్డతో తుడుద్దామంటే ససేమిరా అన్నాడు. "ఊది కొట్టడానికి కుదిర్చిన తూటాలివి. తుడిస్తే మాట వినవు." సరే, ఆయన పేల్చాడు, నేను ఊదాను. కొట్టినవాడే ఊదాలన్నది మనవాళ్ళ కట్టుబాటాయె, పోటీ నడిపే క్లిటస్ ముసలాయన రానే వచ్చాడు.

"ఆర్లిస్, ఇలాగైతే లెక్కలోకి రాదయ్యా."

"నీ లెక్క నువ్వే ఉంచుకో. నాకా దూరాన ఇనుప దున్న బొమ్మ గుండు తగిలి మోగితే చాలు."

క్లిటస్ టోపీ కళ్ళమీదికి లాక్కుని అటు తిరిగి నిలబడ్డాడు. మంచివాడు.

ఆఖరి గుండు పేలింది. పొగలో ఏమీ కనబడలేదు. ఆ దూరం నుంచి మోత రావడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. ఇద్దరం ఎదురుచూశాం. వచ్చింది. ఇంటికెళ్ళి కడిగేదాకా మసి గట్టిపడకుండా చివర్న కూడా ఊదాలి కదా, నేను వంగబోతే ఊదుగొట్టం లాక్కున్నాడు.

"వద్దయ్యా, నా మాట విను."

"ఇదొక్కటీ నాది."

ఉన్న ఊపిరంతా పోసి ఊదాడు. అవతలి చివర్న సన్నగా పొగ వచ్చింది. అది చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

దారిలోనే ఆయాసం ఎక్కువైంది. ఇంటికి కాక నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం మీ నాన్న పోయాడు వెండెల్. నా చెయ్యి పట్టుకునే పోయాడు. మీ నానమ్మ పక్కన పడుకోబెట్టాం. మీ పడవకు వైర్‌లెస్‌లో చెప్పించమన్నారు అందరూ. ఎవరో కెప్టెన్ నోటి నుంచి నువ్వీ మాట వినడం నాకిష్టం లేకపోయింది. తప్పో ఒప్పో నాకు తెలియదు.

ఉత్తరం చివర్న, "రైఫిల్ అదేరోజు కడిగి నూనె పట్టించారు కదా?" అని అడిగావు.

లేదు. ఒంటరిగా ఇంటికొచ్చి సబ్బునీళ్ళు కాచాను. రైఫిల్ ఒళ్ళో పెట్టుకున్నాను. నీళ్ళు చల్లారాయి, మళ్ళీ కాచాను, పొయ్యలేకపోయాను. కడగకపోతే తుప్పు తినేస్తుందని తెలుసు. మీ తాతది, రేపు నీ చేతికి రావలసినది, చేతులారా పాడుచేస్తున్నానని తెలుసు. గొట్టం మొన దగ్గర అప్పుడే ఎర్రబడింది. కానీ ఆయన ఊపిరి పోసి ఊదాక దాన్ని ఎవరూ పేల్చలేదు నాన్నా. అమ్మకు పిచ్చెక్కిందనుకుంటే అనుకో, గొట్టానికి రెండువైపులా మైనపు గుడ్డ బిగించి కట్టి, మంచం మీద ఆయన వైపున పెట్టాను.

వచ్చాక నువ్వే కడుగు. ఆ గుడ్డ విప్పేముందు నాకొక మాట చెప్పు. బయటికెళ్ళి నిలబడతాను.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
మీ అమ్మ
నెల్డా