ఫోనుకు బొట్టు

శుక్రవారం, పడుకునే ముందు

నా మ్యూజిక్ వీడియో కుదిరింది! పాడేవాళ్ల ముఖం దగ్గరగా కనబడటం ఈ వీడియోలకు మొదటి సూత్రమని కాలేజీలో మా మీడియా క్లాసు మేడం చెప్పారు. కానీ ముంబైలో మా కామాఠిపురాకు ఎవరెవరో వచ్చి ఆడవాళ్లను దొంగచాటుగా ఫోన్లలో వీడియోలు తీసుకుపోతుంటారు. అందుకే ఫోన్ ఎత్తితే చాలు, మా చాల్‌లో అన్ని గదుల ఆడవాళ్లూ కొంగు అడ్డం పెట్టుకుంటారు. నిన్న మా అవ్వ కూడా అంతే.

ఈ సాయంత్రం ఆట మొదలుకాకముందే ఫోన్‌ను మధ్యలో, బతుకమ్మ పక్కనే నిలబెట్టాను. అవ్వ చూసింది.

"గౌరమ్మ పక్కన పెట్టినవ్, బొట్టు లేకుంటే ఎట్లనే పోరీ?" అంటూ కుంకుమ తెచ్చి సరిగ్గా లెన్స్ మీదే పెట్టేసింది.

"అరే అవ్వా, అది దాని కన్ను!"

"మరి దీని నుదురు ఏడుందే?"

నవ్వాపుకోలేక తుడిచాను. అందరూ చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. ఒక్కో ముఖమూ ఫోన్ ముందుకొచ్చి, పాడి, సాగిపోయింది. ఒక్క కొంగూ అడ్డం రాలేదు. అన్నీ క్లోజప్‌లే!

వీడియో అంచున మాత్రం కాస్త ఎరుపు మిగిలిపోయింది. ప్రాజెక్టులో తెరమీద కనబడే ప్రతిదానికీ అర్థం రాయాలి, లేకపోతే మార్కులు పోతాయి. దీనికేం రాయను? మా గల్లీ ఆడవాళ్లు మొదటిసారి ఒక కెమెరాను బొట్టు పెట్టి కూర్చోబెట్టుకున్నారని రాస్తే, మేడం ఒప్పుకుంటారా...